తాండూరు రోడ్డు మీద రివర్స్ థ్రస్ట్

నిరోషా టీచర్ పోయిన రోజు వికారాబాద్–తాండూరు రోడ్డు అద్దంలా ఉంది. నాపరాళ్ల లారీ ఒకటి డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వాలు దిగింది. బడి గేటు దగ్గర రోడ్డు దాటుతున్న ఆమెను చూసి ఆగాలని డ్రైవరుకూ ఉంది. లారీ మాత్రం ఆగలేదు.

ఆమె భర్త చంద్రకాంత్ సారు అదే బడిలో లెక్కలు చెబుతారు. దినాలు కాగానే వెళ్లి, పిల్లలు దాటే చోట స్పీడ్ బ్రేకర్ వేయమని అధికారులను కోరారు. అధికారులు తక్షణమే స్పందించి సభ పెట్టారు.

వేగంగా వచ్చే వాహనాన్ని భద్రంగా ఆపడం ఎలా అన్నది సభలో అంశం. వాహనాలన్నిటిలోకీ వేగమైనది జెట్ విమానం. పైగా అధికారి పరమేశ్ గారి తోడల్లుడు హన్మయ్యగారు ఆ విమానాలు నడిపి రిటైరయ్యారు. ముఖ్య అతిథి ఇంట్లోనే ఉండగా బయట వెతకడం ప్రజాధనం దుర్వినియోగం. జిల్లాలో విమానాశ్రయం లేదని కొందరు గొణిగారు గాని, ముందుజాగ్రత్త అంటే అదే కదా! పూడూరు, పెద్దేముల్ నుంచి లారీ డ్రైవర్లను పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టారు.

శాలువా కప్పించుకుని హన్మయ్యగారు ప్రసంగించారు. “రివర్స్ థ్రస్ట్ అంటే ఇంజన్ గాలిని ముందుకు మళ్లించి వేగం తగ్గించడం. చక్రాలు నేలను తాకాకే వాడాలి. ఒకసారి వాడాక మళ్లీ ఎగురుదామనే ఆశ పెట్టుకోకూడదు, ఆగి తీరాలి. విమానం నెమ్మదించగానే తగ్గించాలి, లేకుంటే రన్‌వే మీది రాళ్లు ఇంజన్‌లోకి పోతాయి.”

రాళ్ల మాట రాగానే గని యజమాని ఒకరు లేచి, తాండూరు రాయి అంత తేలిక రాయి కాదని సభకు హామీ ఇచ్చారు. చప్పట్లు మోగాయి.

డ్రైవర్ జంగప్ప చెయ్యెత్తాడు. “సార్, మా బండ్లకు గవన్నీ యాడుంటయి? ఉన్న బ్రేకులే సగం పడ్తయి.”

“విమానం గురించి మాట్లాడుతుంటే నడుమ లారీ ఎందుకు తెస్తవయ్యా?” అన్నారు పరమేశ్ గారు.

హన్మయ్యగారు నిజాయితీపరుడు. “అసలు ఆపేది బ్రేకే. రివర్స్ తోడు మాత్రమే” అని ముగించారు.

చంద్రకాంత్ సారు లేచి నిలబడ్డారు. “సార్, గా ఒక్క మాట జర రాసుకోండ్రి.”

రాసుకున్నారు. మంజూరైన సొమ్ముతో బడి ముందు రన్‌వేకి ఉన్నట్టే వెడల్పాటి తెల్ల చారలు గీయించారు. రోడ్డు ముచ్చటగా కనిపించేసరికి లారీలు ఇంకాస్త జోరుగా వస్తున్నాయి. అభివృద్ధి అంటే ఇదేనని పరమేశ్ గారు ప్రకటించారు.

“గాలిల నుంచి దిగేటోనికి చెప్పిండ్రు. గుట్ట దిగేటోనికి ఎవలు చెప్తరు సారూ?” అంది బడిలో వంట చేసే మొగులమ్మ.

బడి పిల్లలకు మాత్రం పాఠం బాగా వంటబట్టింది. గంట కొట్టగానే చేతులు రెక్కల్లా చాచి పరుగెత్తుకొస్తారు. గేటు దగ్గర అరచేతులు ముందుకు తిప్పి “రివర్స్!” అని అరిచి, తెల్ల చారలకు ఇవతలే ఆగిపోతారు. చంద్రకాంత్ సారు రోడ్డు మధ్య నిలబడి, లారీలకు చెయ్యి అడ్డుపెట్టి వాళ్లను దాటిస్తారు.

రివర్స్ థ్రస్ట్ సంగతి ఇప్పుడు పిల్లలకు తెలుసు, డ్రైవర్లకు తెలుసు, ఇంతదాకా చదివారు గనుక మీకూ తెలుసు. బడి ముందు స్పీడ్ బ్రేకర్ ఇంకా వేయలేదు.