మంట ఆరిన ఊరికి చేయూత

మా ఊరి గ్యాస్ బావి దగ్గర, మిగులు గ్యాసు కాల్చే గొట్టం మీద ఏళ్ళ తరబడి ఆగకుండా మండిన మంట మొన్న వేసవిలో ఆరిపోయిందని ఇందుమూలంగా అందరికీ తెలియజేస్తున్నాను. ఎందుకు ఆరిందన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. బావిలో గ్యాసు అయిపోయిందని కంపెనీ ప్రకటించింది. భూగోళాన్ని చల్లబరచడానికి తామే మూయించామని ప్రభుత్వం ప్రకటించింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనల ఫలమని మా చర్చి సంఘంలోని స్త్రీల సమాజం ప్రకటించింది. ఎవరి సభ వారు పెట్టుకుని, ఎవరి మెడలో వారు దండ వేసుకున్నారు.

ప్రార్థనే కారణమని నాకు గట్టి నమ్మకం. ఎందుకంటే ఆ మనవి చేసింది నేనే. మా అబ్బాయి ఫిన్నీ ఆ బావి దగ్గరే కాంట్రాక్టు మీద వాల్వులు తిప్పేవాడు. వాడు డ్యూటీలో ఉన్నంతసేపూ నేను ఇంట్లో దోమలబత్తి కూడా వెలిగించనిచ్చేదాన్ని కాదు. బావికీ మా ఇంటికీ మధ్య రొయ్యల చెరువులు, ఒక కాలవ, బోలెడు కొబ్బరితోటలు ఉన్నమాట నిజమే. అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి కదండీ. అందుకని ప్రతి శుక్రవారం లేచి నిలబడి, "ప్రభువా, ఆ మంట ఆరిపోవాలి" అని ఒక్కటే అడిగేదాన్ని.

ఆరిపోయింది. ఆ మర్నాడు ఫిన్నీ క్యారేజీ నిండుగానే ఇంటికి తెచ్చాడు.

"ఏంట్రా, అన్నం తినలేదేం?"

"రేపట్నుంచి రావద్దన్నారమ్మా. ఇంకేం తింటాను?"

మంట ఆరాలన్నాను గానీ, పిల్లాడి ఉద్యోగం మాత్రం ఉండాలని చెప్పడం మరిచిపోయాను. ప్రభువు అడిగినంతవరకే చేశాడు. పక్కింటి అప్పాయమ్మ ఓదార్చడానికి వచ్చింది. "నీ నోట్లో ఏదో మహిమ ఉందే రూతూ. ఈసారి అడిగేటప్పుడు మాకూ ఓ మాట చెప్పి అడుగు. మా అల్లుడు కువైట్‌లో ఆయిల్ కంపెనీలోనే ఉన్నాడు" అంది.

ఫిన్నీ మాత్రం ఇంకో నెల చూస్తానన్నాడు. "ఏదీ దొరక్కపోతే తుని పోయి లారీ క్లీనర్‌గా చేరిపోతానమ్మా. మా ఫ్రెండు రమ్మంటున్నాడు." తుని అంటే హైవే. హైవే అంటే లారీలు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కన్ను మూస్తే బ్రేకుల చప్పుడే.

ఇలాంటప్పుడు చూస్తూ ఊరుకునే ప్రభుత్వం కాదు మనది. వెంటనే 'హరిత చేయూత' పథకం వచ్చింది. పథకంతో పాటు దాని అధికారి వెంకటరాజు గారు కూడా వచ్చారు. పెద్ద మనసు గల మనిషి. వచ్చిన కారు మళ్ళీ వేడెక్కిపోతుందేమోనని, సభ జరిగినంతసేపూ ఇంజను ఆపకుండా ఏసీ వేసే ఉంచారు.

"సోదరులారా! మీరు కోల్పోయింది ఉద్యోగం కాదు, ఒక పాత అలవాటు! మన నరసాపురం ప్రాంతం అంటే ఏమిటి? లేసు! లేసుకి పెట్రోలు కావాలా? గ్యాసు కావాలా? పొగ వస్తుందా? అందుచేత వాల్వులు తిప్పిన ఈ చేతులకే లేసు అల్లిక నేర్పాలని నిర్ణయించడమైనది" అని వారు సెలవిచ్చారు.

అప్పాయమ్మ లేచింది. "బాబూ, ఇక్కడ ఆడాళ్ళందరం చిన్నప్పట్నుంచీ లేసే అల్లుతున్నామండి. కొనేవాడే కనపడట్లేదండి. మగాళ్ళకి ఇంకోటేదైనా చూడండి."

"కొనేవారు లేరనడం నిరాశావాదం. దాన్ని పోగొట్టడానికి వేరే శిక్షణ ఉంది. అది తర్వాతి విడతలో" అని వారు ప్రేమగా చెప్పారు.

శిక్షణ దిగ్విజయంగా సాగింది. లేసు సూది కంట్లో గుచ్చుకుంటుందేమోనని నా భయం. నేను బతిమాలగా ఫిన్నీ కంపెనీ హెల్మెట్ పెట్టుకునే క్లాసుకి వెళ్ళాడు. వాడిని చూసి మిగతా తల్లులు కూడా తమ కొడుకులకు హెల్మెట్లు పెట్టి పంపారు. వాడు అల్లిన మొదటి పువ్వు ఎంత బిగుతుగా వచ్చిందంటే, అందులో నీళ్ళు పోస్తే చుక్క కారలేదు.

"కాస్త వదులుగా అల్లరా, నాయనా."

"వదులుగా ఉంటే ప్రమాదమని ఇన్నాళ్ళూ నేర్పారమ్మా. చెయ్యి మాట వినట్లేదు."

నెల తిరిగేసరికి వాడు బట్టలు సర్దుకున్నాడు. లేసు కేంద్రం ప్రారంభోత్సవం అయ్యాక ఆ సాయంత్రమే తుని బండి ఎక్కుతానన్నాడు. నేను ఆ సంచి పట్టుకునే సభకి వెళ్ళి, కిందపెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కేంద్రం చాలా బాగా కట్టారు. పైన సోలార్ పలకలు పెట్టారు. వాటి మీద కొబ్బరిచెట్ల నీడ పడుతోందని ఎవరో అన్నారు గానీ, చెట్లు కొట్టడం పర్యావరణానికి హానికరం కాబట్టి ఆ నీడను యథాతథంగా ఉంచారు. వెంకటరాజు గారు మైకు ముందు నిలబడి, "ఈ రోజుతో ఈ ఊరు నూనెకీ గ్యాసుకీ శాశ్వతంగా సెలవు..." అనేసరికి కరెంటు పోయింది.

అంతటి పథకానికి ముందుచూపు ఉండదా? వెనకాల డీజిల్ జనరేటర్ ఉండనే ఉంది. తాడు ఎంతమంది లాగినా అది పలకలేదు. ఫిన్నీ లేసు పక్కన పడేసి వెళ్ళి, తన పద్ధతిలో గట్టిగా లాగాడు. ఒక్కసారిగా ఊరంతా వినపడేలా మోగింది. నల్లటి పొగ వచ్చి, ప్రదర్శనకు పెట్టిన తెల్ల లేసు మీద వాలింది. ఆ బూడిదరంగు చాలా సహజంగా ఉందని అతిథులు మెచ్చుకున్నారు. ఒకాయన రెండు కొన్నారు కూడా.

"ఎక్కడ ఆపాను? ఆఁ, శాశ్వతంగా సెలవు చెప్పింది!" అని వెంకటరాజు గారు ముగించారు. చప్పట్లు మోగాయనే అనుకుంటున్నాను. జనరేటర్ హోరులో వినపడలేదు.

అక్కడికక్కడే ఫిన్నీని 'హరిత సహాయకుడి'గా నియమించడమైనది. డీజిల్ పోయడం, తాడు లాగడం వాడి విధులు. కరెంటు పోతేనే డ్యూటీ, డ్యూటీ ఉంటేనే జీతం. నా ఒళ్ళో ఉన్న సంచి ఇంటికొచ్చింది.

ఆ శుక్రవారం మళ్ళీ లేచి నిలబడ్డాను. ఈసారి ఏదీ మరిచిపోకుండా అడిగాను. జనరేటర్ పేలకూడదు. డీజిల్ దొరుకుతూ ఉండాలి. కరెంటు రోజూ పోవాలి, పోతే ఓ పట్టాన రాకూడదు. పక్కన కూర్చున్న అప్పాయమ్మ నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగుతోంది గానీ నేను కూర్చోలేదు.

అందుచేత ఇది చదువుతుండగా మీ ఇంట్లో ఫ్యాను ఆగిపోతే, కరెంటాఫీసుకి ఫోన్ చేసి పాపం ఎవరినీ తిట్టకండి. మా ఒక్క ఊరి పేరే చెబితే స్వార్థంగా ఉంటుందని, ప్రార్థనలో మీ ఊరు కూడా కలిపాను.