మూడు కొట్లు, ఒక ముందద్దం

ఆ సోమవారం ఉదయం క్లెటో వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పాత నీలం కారు కడగాలి, మళ్లీ కాఫీ తాగాలి. శనివారం చిన్నకూతురు అనలిన్ పెళ్లి. తల్లి ఫిదేలా ఏ కారులో పెళ్లికూతురిగా చర్చికి వెళ్లిందో తానూ అదే కారులో వెళ్తానని ఆ పిల్ల పాలపళ్లు ఊడని రోజుల నుంచీ అంటోంది. రిటైరైన క్లెటోకి ఆ ముచ్చట తీర్చడం కన్నా ముఖ్యమైన పని ఈ లోకంలో ఇంకోటి లేదు.

కడగడం అయింది. తుడుస్తుండగా పందిరికి వెదుళ్లు తెచ్చిన బండి వచ్చింది. అందులోంచి ఒక వెదురు జారి సరాసరి కారు ముందద్దం మీద పడింది. అద్దం ఈ చివర నుంచి ఆ చివర దాకా పగిలింది. వెదుళ్లవాడు అద్దాన్ని చూశాడు, క్లెటోని చూశాడు, "పెళ్లివారింట్లో ఇలాంటివి మామూలే లెండి" అని మిగతా వెదుళ్లు ఇంకో పక్కన దించాడు.

అనలిన్ మనీలాలో ఒక కంపెనీకి సరుకులు కొనిపెట్టే ఉద్యోగం చేస్తోంది. ఆ కంపెనీలో పెన్సిలు కొనాలన్నా మూడు కొట్ల కొటేషన్లు తెప్పించి పోల్చి చూడాలి.

"మూడు చోట్ల అడుగు నాన్నా. ఎవరు తక్కువ చెప్తే వాళ్లకే ఇద్దాం."

"అడక్కూడదమ్మా."

"ఎందుకని?"

"లిపాలో ఉన్న మూడు అద్దాల కొట్లూ నా పరేలవే కదే!"

పిల్లల జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు ఆ రోజు నుంచి తండ్రికి 'పరే' అవుతాడు. ఆ పిలుపు పడ్డాక అతన్ని 'ఎంతవుతుంది?' అని అడగడం, తోబుట్టువు వడ్డించిన అన్నానికి ఖరీదు అడగడం లాంటిది. అడిగినా చెప్పడు సరికదా, మొహం చిన్నబుచ్చుకుంటాడు. క్లెటో పెద్దకొడుక్కి ఇస్కో, రెండోవాడికి తెమ్యో, అనలిన్‌కి పోలి జ్ఞానతండ్రులు. కుర్రతనంలో క్లెటోతో కలిపి ఈ నలుగురు స్నేహితులకీ ఒకటే గిటారు, ఒకటే కారు. వెన్నెల రాత్రుల్లో ఆడపిల్లల కిటికీల కింద నిలబడి పాడేవారు. ఇప్పుడెవరూ పాడటం లేదు, ఫోన్లో పువ్వు బొమ్మ పంపి ఊరుకుంటున్నారు. ఏం ప్రేమలో, ఏమో.

పరేలు ముగ్గురూ ఒకే యజమాని దగ్గర అద్దాల పని నేర్చుకున్నారు. ఆయన పోయాక ఒకే రోడ్డు మీద ఎవరి కొట్టు వాళ్లు పెట్టుకున్నారు. దాంతో మాటలు ఆగిపోయాయి. ఒకడు కూర్చున్న బల్ల దగ్గర ఇంకొకడు కూర్చోడు. అలాంటివాళ్లు అనలిన్ పెళ్లికి పెళ్లిపెద్దలుగా చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చోవడానికి ఒప్పుకున్నారంటే, అది క్లెటో వాళ్ల ఇళ్ల చుట్టూ ఏడాది పాటు తిరిగిన ఫలితం. ఇప్పుడు ఒకడికి అద్దం పని ఇస్తే మిగతా ఇద్దరూ ఆ బెంచీ ఎక్కరు.

"అయితే నీ కారని చెప్పకు. పక్కూరు తనావాన్‌లో ఒక డాక్టరుగారికి అచ్చం ఇలాంటి కారే ఉందని చెప్పు," అంది అనలిన్. చదువుకున్న పిల్ల కదా అని క్లెటో వినేశాడు. అక్కడే కొంప మునిగింది.

కారు మీద పట్టా కప్పి, ఆటోలాంటి ట్రైసైకిలెక్కి ముందు ఇస్కో కొట్టుకి వెళ్లాడు.

"డాక్టరా? సొంత ఆసుపత్రేనా?" అన్నాడు ఇస్కో.

"సొంతమే. రెండంతస్తులు." అబద్ధమాడేటప్పుడు పిసినారితనం చూపించడం క్లెటోకి చేతకాదు.

ఇస్కో కాగితం మీద వేసిన అంకె కొట్టేసి ఇంకో అంకె వేశాడు. "ఇందులో నీకూ కొంత ముట్టజెప్తాలే పరే," అన్నాడు. తెమ్యో, "ఆయన బేరమాడే రకమా?" అని అడిగాడు. పోలి ఇంకా ముందుకెళ్లి, "భార్య కూడా డాక్టరేనా?" అన్నాడు. డాక్టర్ల మీద వాళ్లకున్న గౌరవమంతా ధరల్లో కనిపించింది.

ఉన్నంతలో తెమ్యో ధర తక్కువ. అనలిన్ డాక్టరుగారి గుమాస్తాలా గొంతు మార్చి అతనికి ఫోను చేసింది. "అద్దం ఎక్కడికి పంపాలమ్మా?" అని తెమ్యో అడిగితే, రోజూ సరుకు తెప్పించే అలవాటు కొద్దీ ఇంటి చిరునామా గడగడా అప్పజెప్పేసింది.

బుధవారం తెమ్యో అద్దంతో సహా దిగాడు. పట్టా ఎత్తి చూశాడు. "డాక్టరుగారేరి?" అన్నాడు.

"రోగుల్ని చూస్తున్నారు," అన్నాడు క్లెటో.

తెమ్యో కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ పెళ్లి విందుకి పందిని కాల్చింది నేను. నన్ను రేటు అడిగావా పరే?"

క్లెటో ఏం చెప్పినా వినకుండా పైసా తీసుకోకుండా అద్దం బిగించాడు. బిగించినవాడు ఊరికే పోయినా బాగుండేది. "ఒకసారి నడిపి చూద్దాం పద," అని పక్కన కూర్చుని, ఇస్కో కొట్టు ముందు నుంచీ పోలి కొట్టు ముందు నుంచీ క్లెటో చేత ఊరేగింపులా నడిపించాడు. రెండు చోట్లా కొత్త అద్దాన్ని వేలితో టకటకా కొట్టి చూపించాడు.

మర్నాడు ఇస్కో వచ్చాడు. "మేం పరాయివాళ్లమైపోయాం. శనివారం నాకు ఒంట్లో బాగుండదు," అన్నాడు.

ఏడాది కష్టం కళ్ల ముందే పోతుంటే క్లెటో నోటికి ఏదొస్తే అది అనేశాడు. "ఆ అద్దం నాలుగు రోజులకే పరే! అసలు పని నీకోసమే ఉంచాను. రేపు పొద్దున్నే వచ్చి మార్చెయ్."

ఇస్కో వెళ్లాడో లేదో పోలి వచ్చాడు. పోలికీ శనివారం ఒంట్లో బాగుండదట. అతనికీ అదే మాట చెప్పాడు. లోపల్నుంచి విన్న ఫిదేలా, "ఏమయ్యా, రేపు కాఫీ ఎందరికి పెట్టను?" అని మాత్రం అడిగింది.

శుక్రవారం ఇస్కో, పోలి చెరో అద్దంతో వచ్చి గేటు దగ్గర ఒకరినొకరు చూసుకున్నారు. తన అద్దం నాలుగు రోజుల ముచ్చటేనని ఎవరో చెవినేస్తే తెమ్యో కూడా పరుగున వచ్చాడు.

"నా అద్దానికేం రోగమొచ్చింది?"

"అద్దానికి కాదు, బిగించిన చేతికి," అన్నాడు ఇస్కో.

"ఆ రబ్బరు చూడు, నత్తలా పాకుతోంది," అన్నాడు పోలి.

తెమ్యో కోపంతో తన అద్దం తానే ఊడదీసి గోడకి ఆనించాడు. ఖాళీ అయిన చోట తన అద్దం పెడతానని ఇస్కో, నాదని పోలి. పోలి తనది కింద పెట్టి ఇస్కో అద్దం రెండో కొస పట్టుకుని లాగాడు. అది ఇద్దరి మధ్యా నేల మీద పడి బద్దలైంది. అది చూసి తెమ్యో పడీపడీ నవ్వి, నవ్వు ఆపుకోలేక వెనక్కి ఒరిగి, గోడకున్న తన అద్దం మీదే కూలబడ్డాడు. దేవుడి దయవల్ల ప్యాంటుకే చిరుగు పడింది. ఇక మిగిలింది పోలి అద్దం. అతను గర్వంగా ఎత్తి పెట్టి చూస్తే బెత్తెడు పొడుగుంది. ఆ తొందరలో వేరే కారుది పట్టుకొచ్చాడు. అంత పాత కారుకి సరిపోయే అద్దాలు ఊళ్లో ఉన్నవే రెండు. ఆ రెండూ ఇప్పుడు ముక్కలుగా ఉన్నాయి.

క్లెటో మెట్టు మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. కూతురి కారూ లేదు, బెంచీ మీద పెద్దలూ లేరు. రెండూ తన నోటివల్లే పోయాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

ఫిదేలా కాఫీ తెచ్చి, అద్దం లేని కారుని కాసేపు చూసింది. "నా కిటికీ కింద పాడి వెళ్లిన రాత్రీ ఇలాగే ఉందిగా ఇది," అంది.

ఇస్కో తలెత్తాడు. "మీ నాన్న కొబ్బరిబొండం విసిరాడుగా!"

"మా నాన్న గురి కారు మీద కాదు, పోలి మీద. ఆ గొంతు ఆయనకి పడేది కాదు."

"దారి పొడుగునా పురుగులు నోట్లో పడుతున్నా వీడు పాట ఆపలేదు," అన్నాడు తెమ్యో. పోలితో కాదు, ఇస్కోతో. ఎన్నో ఏళ్ల తర్వాత దెప్పిపొడుపు కాని మొదటి మాట అదే.

"తెల్లారి యజమానికి తెలీకుండా ముగ్గురం కలిసి అద్దం బిగించాం. మన చేతుల మీదుగా బిగిసిన మొదటి అద్దం అదే," అన్నాడు పోలి.

"వంకరగా బిగించారు. ఆ వంకర అద్దంతోనే నేను పెళ్లికెళ్లాను," అంది ఫిదేలా.

ముందు తెమ్యో నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. కాసేపటికి ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, క్లెటో ఎంత అబద్ధాలకోరో ఒకరికొకరు అందించుకుంటూ చెప్పుకున్నారు. ఆ తిట్లు వింటుంటే క్లెటోకి కడుపునిండా తిన్నట్టుంది.

శనివారం అనలిన్ అద్దం లేని కారులోనే చర్చికి వెళ్లింది. క్లెటో నడిపాడు, పరేలు ముగ్గురూ ఇరుక్కుని కూర్చుని పాత పాట ఎత్తుకున్నారు. మేలిముసుగు వెనక్కి ఎగిరి ఇస్కో మొహానికి చుట్టుకుంది. రోడ్డు మీద జనం ఆగి చూశారు. పెళ్లికూతురు జుట్టు చెదిరి, దుమ్ము కొట్టుకుని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతూ దిగింది. ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కూర్చోవడమే కాదు, ప్రార్థన మధ్యలో గుసగుసలాడుకుని ఫాదరుగారి చేత చీవాట్లు కూడా తిన్నారు.

మరుసటి వారం మనీలా నుంచి కొత్త అద్దం వచ్చింది. బిగించడానికి ముగ్గురూ కలిసే వచ్చారు. "నువ్వు బిగించు పరే, నీ చెయ్యి మంచిది," అన్నాడు ఇస్కో. "నువ్వుండగా నేనా? తప్పు," అన్నాడు తెమ్యో. "పెద్దవాళ్లు మీరిద్దరూ ఉండగా నేను ముట్టుకుంటానా?" అన్నాడు పోలి. కాఫీ తాగి వెళ్లిపోయారు. మర్నాడూ అంతే, ఆ పై వారమూ అంతే.

జూన్ వచ్చింది, వానలు మొదలయ్యాయి. క్లెటో ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని కారు నడుపుతున్నాడు.