ఎడమ పక్క పన్ను

శనివారం పొద్దున కాఫీ తాగుతూ తాగుతూ చక్రపాణి ఎడమ దవడ పట్టుకుని మూలిగాడు. ఆ మూలుగు బాగా కుదరాలని భార్య పంకజవల్లి రాత్రే నాలుగుసార్లు మూలిగించి చూసింది. నంద్యాలలో డేరా సినిమా దిగింది. మొగుడూ పెళ్లామూ కలిసి మేనమామకు పాలలో విషం పెట్టే కథ. అది చూడాలంటే నంద్యాలకు పోవాలి, పోవాలంటే పన్ను నొప్పి ఉండాలి. ఎందుకంటే అహోబిలంలో పారాయణం చేసే తండ్రి వరదరాజులు "డేరాలో కాలు పెట్టినోడు నా గడప తొక్కగూడదు" అని తెగేసి చెప్పాడు. చక్రపాణికి వచ్చే బడిపంతులు జీతానికి ఆళ్లగడ్డలో ఇంకో గడప దొరకదు.

"పోయి పీకించుకోని రాపో," అంది తల్లి శేషమ్మ. "మొన్న మంగళారం మీ నాయనకూ ఇట్లే లేసింది. నంద్యాల పోయి వచ్చేలోపల దానంతట అదే తగ్గిపాయ."

"ఒక్కరే పోతే కళ్లు తిరుగుతాయి. నేనూ పోతా అత్తమ్మా," అంది పంకజవల్లి.

యుద్ధం పుణ్యమా అని పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుస్తున్న బస్సు, ఎత్తు వచ్చిన ప్రతిచోటా జనాన్ని దింపి నడిపిస్తూ సాయంత్రానికి నంద్యాల చేర్చింది.

సినిమా తీసినవాళ్లకు తలుపు ఒకటే దొరికినట్టుంది. మేనమామ ఇంటికీ అదే, పోలీసు స్టేషనుకూ అదే. పోలీసులు ముగ్గురు, టోపీ ఒకటి. అయినా జనం ఊపిరి బిగబట్టి చూశారు. విషం గ్లాసూ మంచి గ్లాసూ తారుమారై, ఏది ఎవరి చేతికొచ్చిందో తెలియక మొగుడూ పెళ్లామూ బిత్తరపోయిన చోట రీలు పుటుక్కున తెగింది. సరిగ్గా చివరి బస్సు వేళకు.

చక్రపాణి లేచి, ఆడవాళ్ల వైపు అడ్డంగా కట్టిన గుడ్డ దగ్గరికి పోయాడు. "ఏమేయ్, బస్సు పోతాండాది."

"పోనీండి. ఆ పాలు ఎవరు తాగుతారో చూడకుండా నేను రాను."

"మా నాయన..."

"మీ నాయన ఈడ లేడు గదా. కూచోండి."

"కూచో సామీ!" అన్నారు గుడ్డకు అటువైపున్న ఆడవాళ్లంతా. కూర్చున్నాడు.

ఆట ముగిసి బయటికొస్తే బస్సు లేదు, ఓబయ్య ఉన్నాడు. ఆళ్లగడ్డలో వాళ్ల వీధివాడే. లారీ ఎక్కి తెల్లారేసరికి ఊరు చేరబోతున్నాడు.

"ఏంది సామీ, ఇంత రాత్రికాడ ఈడుండారు?"

చక్రపాణి నోరు తెరిచేలోగా పంకజవల్లి అందుకుంది. "పన్ను పీకించినాం ఓబయ్యా. ఎడం పక్కది. రక్తం నిలవకపాయ, అందుకే ఉండిపోయినాం."

"అయ్యో పాపం! పెద్దమ్మగారికి నేను చెప్తాలే," అని ఓబయ్య లారీ ఎక్కేశాడు.

లారీ మలుపు తిరిగాక ఇద్దరికీ ఒకేసారి సంగతి తట్టింది. ఇంటికి పోతే నోరు తెరిచి చూపించాలి. ఆ నోట్లో ముప్పై రెండు పళ్లూ భద్రంగా ఉన్నాయి. పంకజవల్లి మొగుడి నోటికేసి ఆలోచనగా చూసింది.

తెల్లవారగానే బస్టాండు పక్కన పళ్లు పీకే మనిషి ముందు అతన్ని కూర్చోబెట్టింది.

"ఎడం పక్కవి రాళ్ల మాదిరి ఉండాయి సామీ," అన్నాడతను. "కుడి పక్క ఒకటి కదల్తాండాది. అది తీసేదా?"

చక్రపాణి ఆశగా భార్యవైపు చూశాడు.

"కుదరదు. ఓబయ్యకు ఎడమదని చెప్పినాం."

రాయి కదలడానికి అరగంట పట్టింది. చక్రపాణి పెట్టిన కేకలకు బొగ్గు బస్సు బయలుదేరిందనుకుని ఇద్దరు మూటలతో పరిగెత్తుకొచ్చారు.

ఇల్లు చేరేసరికి వీధంతా వాకిట్లోనే ఉంది. పంతులుకు దవడే తీసేశారని అప్పటికే అందరికీ తెలుసు. శేషమ్మ ఏడుస్తూ కొడుకు నోరు తెరిపించి, దూది పక్కకు జరిపి, ఖాళీ చూసి, ఒక్కటే పోయినందుకు దేవుడికి దండం పెట్టి, జావ కాచడానికి లోపలికి పోయింది.

"దొడ్లోకి రారా," అన్నాడు వరదరాజులు.

చక్రపాణి వెనకే నడిచాడు. పన్నూ పోయింది, గడపా పోయింది అనుకున్నాడు.

వరదరాజులు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "డేరాకు పోయినారు గదా? నాకు తెలుసులే. పన్ను నొప్పి ఉపాయం నాదే. మంగళారం నేనూ పోయినా. రీలు తెగె, చివరి బస్సు పోతాదని లేచి వచ్చేసినా." ఇంకా దగ్గరికి జరిగాడు. "ఒరే, ఆ పాలు ఎవరు తాగినారురా?"

చక్రపాణి నాలుకతో ఖాళీని ఒకసారి తడుముకున్నాడు. నిక్షేపం లాంటి పన్ను. ఒళ్లు మండిపోయింది. నోట్లో దూది చూపించి, మాట్లాడొద్దన్నారని చేత్తో సైగ చేసి లోపలికి పోయాడు.

గాయం వారంలో మానింది గానీ, ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం అతనికి ఎన్నడూ నోరు పెగల్లేదు.