ఇరవై మూడు కిలోల వరకు అనుమతి

మార్చి 11, మంగళవారం ఉదయం 9.40కి పౌరసత్వ కార్యాలయం నాలుగో కౌంటర్‌లో సత్యవాణి జ్ఞాపకాలను తూకం వేశారు. ఇరవై ఆరు కిలోలు వచ్చాయి.

ఆ పడమటి దేశంలో వలస వచ్చినవాళ్ళు పౌరులు కావాలంటే పాత ఊరి జ్ఞాపకాలు ఇరవై మూడు కిలోలు మించకూడదు. దాన్ని పదిహేనుకు తగ్గించాలని ఒక పార్టీ, అదనంగా ఒక చేతిసంచి అనుమతించాలని ఇంకో పార్టీ ప్రతి ఎన్నికల్లోనూ వాదిస్తాయి. తూకం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ఎక్కువైనవాటిని నగరపాలక సంస్థ తీసుకుని, జూన్‌లో జరిపే బహుళ సంస్కృతుల ఉత్సవంలో అద్దాల పెట్టెల్లో పెడుతుంది. ఇచ్చినవాళ్ళకు ప్రవేశం ఉచితం.

కౌంటర్‌లోని అధికారి డెస్మండ్ జాబితా తిప్పి చూపించాడు. నాన్న సైకిల్ గంట, పావుకిలో. బడి, ఆరు కిలోలు. మండపేటలో అట్లతద్ది తెల్లవారుజాము, సరిగ్గా మూడు కిలోలు.

"ఇది ఇచ్చేయండి, సరిపోతుంది. కిందటేడు ఇలాంటిదే ఒకటి ఆహారం విభాగంలో పెట్టాం. జనం బాగా చూశారు."

"అది ఆహారం కాదండీ. మా అమ్మ."

"అమ్మల విభాగం లేదు మేడమ్."

సత్యవాణి తల్లి పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమె గొంతు ఉన్న జ్ఞాపకం అదొక్కటే. చీకటి ఉండగానే తల్లి ముద్దుపేరుతో పిలిచి లేపుతుంది. చేతికి గోరింటాకు ఎండి ఉంటుంది. పెరుగన్నం, గోంగూర పచ్చడి తిని వీధిలోకి పరుగెత్తాలి. అక్క అప్పటికే ఉయ్యాల ఎక్కేసి ఉంటుంది.

పక్కనే నిలబడ్డ భర్త ఫణీంద్ర తూకం అంతకుముందే అయిపోయింది. ఇరవై కిలోలు.

"ఏమండీ, మీ దాంట్లో మూడు కిలోలు ఖాళీ ఉందిగా. ఇది అందులో పెట్టేయండి."

"మీ పుట్టింటివాళ్ళు ఏదీ పారెయ్యరు కదా!"

"తర్వాత వెక్కిరిద్దురు గాని. వెనక లైను ఉంది. ఇంటికెళ్ళాక తీసేసుకుంటాను."

విమానాశ్రయంలో చేసినట్టే ఇద్దరూ లైను పక్కకు తప్పుకున్నారు. అక్కడ పచ్చళ్ళ సీసాలు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మార్చిన అలవాటు ఉంది. నాలుగు నిమిషాలు పట్టింది. భార్యాభర్తల మధ్య మార్పిడికి నిబంధనల్లో అవకాశం ఉంది. మళ్ళీ తూచారు. ఇరవై మూడు, ఇరవై మూడు.

"మీవి ఎన్ని కిలోలండీ?" అని సత్యవాణి డెస్మండ్‌ను అడిగింది.

"సున్నా. నేనిక్కడే పుట్టాను. మా అమ్మవి ఉత్సవంలో ఉంటాయి, ఏటా వెళ్ళి చూస్తాం."

ఇంటికెళ్ళాక ఆ మూడు కిలోలు తిరిగి రాలేదు. తిరుగు మార్పిడికి ఫారం లేదని కార్యాలయం ఏప్రిల్ 2న ఉత్తరం రాసింది. ఫణీంద్ర అప్పుడప్పుడూ అరచేతులు చూసుకునేవాడు. ఆదివారాలు సత్యవాణి అడిగితే చెప్పేవాడు.

"పెరుగన్నంలోకి గోంగూర. మీ అక్క ఉయ్యాల దిగేది కాదు."

"అవునా? మా అమ్మ ఏమంది?"

"దాన్ని దిగమని కేకలేసింది. మంచి గొంతు."

సత్యవాణి విని, ఇంకోసారి చెప్పమనేది.

అక్టోబరులో అట్లతద్ది వచ్చింది. మండపేటలో తెల్లవారుజాము నాలుగున్నర, ఇక్కడ ముందురోజు సాయంత్రం ఏడు. అక్క సుభాషిణి ఏటా చేసినట్టే ఫోన్ చేసింది. సత్యవాణిని తల్లి పెట్టిన ముద్దుపేరుతో పిలిచేది ఇప్పుడు ఆమె ఒక్కతే.

"చిట్టీ, లేచావటే?"

సత్యవాణి ఫోన్‌ను చెవి దగ్గర నుంచి తీసి, నంబరు చూసి, మళ్ళీ పెట్టుకుంది.

"చిట్టి ఎవరక్కా?"

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న ఫణీంద్ర ఆ మాట విని కత్తి పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుని వచ్చాడు.

"ఏమండీ, మీకే," అని సత్యవాణి ఫోన్ ఇచ్చింది.

"లేచానక్కా," అన్నాడు ఫణీంద్ర. "ఈసారైనా ఉయ్యాల నాకివ్వు."

ఫోన్ పదకొండు నిమిషాలు నడిచింది. సత్యవాణి మిగిలిన ఉల్లిపాయలు తరిగింది.