ఎడమ చేతికి ఆరేళ్ల ఒప్పందం

నమ్‌గుంగ్ ఆ ఉదయం నాలుగుసార్లు బ్యాగు తెరిచి చూసుకున్నాడు. గది దాటేముందు ఒకసారి, మెట్లు దిగాక ఒకసారి, కారెక్కాక ఒకసారి, గున్‌సాన్ ఓడరేవు దగ్గర ఎర్రదీపం పడ్డప్పుడు మరొకసారి. ఒప్పంద పత్రాలు ఎక్కడికీ పోలేదు. హెరాన్స్ బేస్‌బాల్ జట్టులో ఆటగాళ్ల ఒప్పందాలు చూసే అధికారి అతను. ఆ రోజు పనల్లా చిన్నదే. తొమ్మిదింటికి బ్యోన్ గి-తే ఇంటికి వెళ్లి అతన్ని కారెక్కించుకోవాలి. పదకొండింటికి స్టేడియంలో విలేకరుల ముందు సంతకం పెట్టించాలి.

గి-తే ఎడమచేతి పిచర్, బంతి విసిరేవాడు. అట్టడుగున పడి ఉన్న జట్టును ఆ ఒక్క చెయ్యే మూడేళ్లలో పైకి లాగింది. ఈ చలికాలంతో అతని ఒప్పందం గడువు తీరిపోతుంది. సియోల్ జట్టొకటి అప్పుడే కన్నేసింది. నమ్‌గుంగ్ ఆరు నెలలపాటు వారం వారం కొండమీది ఆ ఇంటికి తిరిగి, మరో ఆరేళ్లు ఇక్కడే ఉండేలా అతన్ని ఒప్పించాడు.

"సంతకం పడేదాకా వాణ్ణి కంటికి రెప్పలా చూసుకో. తేడా వచ్చిందో, వాడికంటే ముందు నువ్వే సియోల్ బస్సెక్కుతావు" అని ముందురోజే హెచ్చరించాడు జట్టు అధ్యక్షుడు క్వాక్.

గేటు తీసి నమ్‌గుంగ్ అక్కడే ఆగిపోయాడు. వాకిలి నిండా క్యాబేజీలు. నిలువునా రెండు చెక్కలుగా కోసినవి, ఉప్పునీళ్లలో నాని మెత్తబడి, గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. వాటి మధ్య చిన్న పీట మీద, మోచేతుల దాకా ఎర్ర రబ్బరు తొడుగులతో, లక్షలమంది చేత చప్పట్లు కొట్టించిన ఆ ఎడమ చేత్తో గి-తే చలికాలపు పచ్చడి కోసం ఆకు ఆకుకూ కారం ముద్ద పట్టిస్తున్నాడు.

"ఇదేంటి గి-తే? ఇవాళ సంతకం కదా!"

"కిమ్చీ, అన్నా. నూట ఇరవై క్యాబేజీలు. నేను చెప్పి చూశాను, అమ్మ వినట్లేదు."

గి-తే తల్లి నడుం మీద చెయ్యేసుకుని లేచింది. "రేపట్నుంచి మంచు పడుతుందన్నారు. నిన్న ఉప్పులో వేసిన క్యాబేజీ మీ కాగితం కోసం ఆగుతుందా బాబూ? ఉప్పెక్కితే అంతా పాడు. మధ్యాహ్నానికి అయిపోతుంది. అప్పుడు తీసుకుపో."

"అమ్మగారూ, పదకొండింటికి టీవీ వాళ్లంతా..."

"వాళ్ల ఇళ్లల్లో కిమ్చీ తినరా ఏంటి?"

నమ్‌గుంగ్ మూలకు వెళ్లి అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. కొండ మీద సిగ్నల్ అంతంతమాత్రం. కంగారులో మాటలు ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ వచ్చాయి.

"సార్, చిన్న చిక్కొచ్చింది. గి-తే చెయ్యి... మోచేతి దాకా ఎర్రగా ఉంది. మధ్యాహ్నం దాకా కదపడానికి లేదంటున్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే పాడైపోతుందట..."

"చెయ్యా? ఏ చెయ్యయ్యా?"

"రెండూనే సార్. కానీ ఎడమదే ఎక్కువ..."

సరిగ్గా అప్పుడే గి-తే తల్లి వెనకనుంచి వచ్చి, "ఖాళీగా నిలబడితే పని తెమలదు, ఇది తొడుక్కో" అంటూ అతని చేతికి తొడుగు ఎక్కించింది. ఫోన్ జారి కారం తొట్టిలో పడి మునిగిపోయింది.

"అయ్యో! తియ్యండి, తియ్యండి!"

"కలియబెడితే అదే పైకొస్తుంది. కూర్చో."

నమ్‌గుంగ్ కూర్చున్నాడు. ఎలాగూ విషయం చెప్పేశానుగా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. రెండాకులకు కారం పట్టించి గడియారం చూశాడు, మరో రెండాకులు, మళ్లీ గడియారం.

అవతల ఏం జరిగిందో అతనికి తర్వాత తెలిసింది. ఫోన్ తెగిపోగానే క్వాక్ స్టేడియం వరండాలోకి పరిగెత్తుకొచ్చి, "ఎడమ చెయ్యి పోయిందర్రా!" అని కేకపెట్టాడు. వరండాలో కాఫీ తాగుతూ కూర్చున్నది విలేకరులు. పావుగంటలో ఆ వార్త ఊరంతా తిరిగింది. అరగంటలో చెయ్యి కాలిందన్నారు. ముప్పావుగంటకు వేళ్లు కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

అంబులెన్సు కూతపెట్టుకుంటూ కొండెక్కింది. జట్టు డాక్టరు మందుల పెట్టె పట్టుకుని లోపలికి దూకి, గి-తే ఎడమ చెయ్యి చూసి తెల్లబోయాడు. "నొప్పుందా? వేళ్లు కదులుతున్నాయా?"

"కదలకపోతే ఇన్ని క్యాబేజీలు ఎవరు చేశారండీ?" అన్నాడు గి-తే.

డాక్టరు ఆ తొడుగును పట్టుకుని జాగ్రత్తగా ఊడలాగాడు. లోపల శుభ్రమైన తెల్లటి చెయ్యి. ఆయన హమ్మయ్య అనుకుంటూ నుదుటి చెమటా, కళ్లూ తుడుచుకున్నాడు. అదే వేళ్లతో.

ఆ తర్వాత ఆయన పెట్టిన కేక కొండ కింద బస్టాండు దాకా వినిపించింది. చేసేది లేక, ముఖమంతా తడిగుడ్డ కప్పి ఆయన్నే స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. గేటు బయటికి మోసుకొస్తుండగా టీవీ బండి వచ్చి ఆగింది. ముఖం కనబడని మనిషిని గి-తే ఇంట్లోంచి మోసుకుపోవడం దేశమంతా చూసింది.

పదకొండింటికి క్వాక్ స్వయంగా వచ్చాడు. గేటు దగ్గరే నమ్‌గుంగ్‌ను పట్టుకుని గొంతు తగ్గించాడు. "ఆరేళ్ల కాగితం చింపెయ్. పైనుంచి ఛైర్మన్‌గారు నన్ను నమిలేస్తున్నారు. ఇదిగో, ఒక్క ఏడాదికి రాయించుకొచ్చా, ముద్ర కూడా వేసేశాను. చెయ్యి బాగైతే చూద్దాం, కాకపోతే మనకెందుకు?"

నమ్‌గుంగ్ ఆ కాగితం అందుకోలేదు. బ్యాగును చంకలోకి లాక్కున్నాడు. "అతనికేం కాలేదు సార్. అయినా కూడా, ఇది చింపమని నాతో అనకండి."

"ఏం కాకపోతే స్ట్రెచర్ మీద పోయిందెవరు?"

"డాక్టరుగారు."

క్వాక్ తల తిప్పాడు. కిమ్చీ జాడీ చంకన పెట్టుకుని గి-తే నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నట్టు ముఖమే చెబుతోంది. అతను జాడీ కింద పెట్టాడు. పక్క గుట్టలోంచి ఒక చిన్న ముల్లంగి ఏరి, గోడ పక్క చెట్టు చిటారుకొమ్మకు మిగిలిన ఒకే ఒక్క పండు వైపు ఎడమ చేత్తో విసిరాడు. పండు ఫట్‌మని పేలింది. కెమెరా అంతా పట్టింది.

"ఒరేయ్! అది పిట్టల కోసం ఉంచిందిరా!" అని అరిచింది తల్లి.

క్వాక్ ముఖంలో రంగులు మారాయి. "నమ్‌గుంగ్! ఆ ఆరేళ్లది తియ్యవయ్యా, ఇంకా చూస్తావేం?"

"అక్కర్లేదండీ" అన్నాడు గి-తే. క్వాక్ చేతిలోని ఏడాది కాగితం మర్యాదగా రెండు చేతులతో అందుకుని, బొటనవేలు కారంలో అద్ది, కింద గట్టిగా నొక్కాడు. "మీరు ముద్ర వేసిన కాగితాన్ని నేనెలా కాదంటాను?"

"అది కాదు బాబూ, పై ఏడాదికి నువ్వు సియోల్ పోతే మా గతి?"

"పై ఏడాది సంగతి పై ఏడాది మాట్లాడుకుందాం. అదైనా ఈ అన్న వస్తేనే. ఆర్నెల్లు ఇంటికొచ్చాడు, ఒక్కసారీ నా చెయ్యి పట్టుకు చూడలేదు. అమ్మ మోకాలెలా ఉందని అడిగేవాడు."

క్వాక్ ఇంకేదో బతిమాలబోయాడు. గి-తే తల్లి అతని చేతిలో ఒక జత తొడుగులు పెట్టింది. "ఇంకా ముప్పై ఉన్నాయి. మాట్లాడుతూనే చెయ్యొచ్చు." సూటు విప్పి చెట్టుకు తగిలించి, జట్టు అధ్యక్షుడు పీట మీద కూర్చున్నాడు. పని ముగిసేదాకా ఆమె చెప్పినట్టల్లా కారం పట్టించాడు.

మర్నాడు నమ్‌గుంగ్‌కు పదోన్నతి ఉత్తర్వు వచ్చింది. కారణం రాయవలసిన చోట మాత్రం ఖాళీగా వదిలేశారు.