అణుకారు బేరం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: నగేష్, అతని భార్య స్నేహలత, తల్లి పెంటమ్మ, సైన్స్ ఫెయిర్ కోసం రేగోడ్ నుంచి మెదక్ వచ్చిన మేనకోడలు సృజన. వాకిట్లో నగేష్ పాత కారు ఉంది. దాన్ని కొనడానికి జుల్ఫికర్ పొద్దున్నే వస్తానన్నాడు. కారు అమ్ముడుపోతేనే స్నేహలత టైలరింగ్ దుకాణం తెరుచుకుంటుంది.

సృజన ప్రాజెక్టు రేడియోధార్మిక పదార్థంతో కార్లు ఎందుకు నడపలేమన్నది. చార్టులో ఒక ఫొటో ఉంటే బాగుంటుందని, పసుపు కాగితం మీద మూడు నల్ల రెక్కల ప్రమాద గుర్తు గీసి, మైదా ఉడికించిన జిగురుతో కారు బానెట్‌కు అంటించింది. ఫొటో బాగా వచ్చింది. కాగితం మాత్రం ఊడి రాలేదు.

దాన్ని మొదట చూసింది పెంటమ్మ.

"ఓ నగేషా! కారుకు ఎవడో చేతబడి చేసిండురా!" అని అరిచి, గుమ్మడికాయ తెచ్చి కారు ముందు పగలగొట్టింది. వాడకట్టంతా గేటు దగ్గరికి చేరింది.

"చేతబడి లేదు, ఏం లేదు. అది రేడియేషన్ గుర్తు, అంతే!" అన్నాడు నగేష్, ధైర్యం చెబుతున్నాననుకుని.

"అవ్, దవాఖానల ఎక్స్‌రే రూం తలుపు మీద గిదే ఉంటది," అన్నాడు పక్కింటి ఎల్లం. చేతబడికి కదలని జనం వెనక్కి జరిగారు.

అప్పుడే జుల్ఫికర్ స్కూటర్ దిగాడు. "నగేష్ భాయ్, ఇంజన్ల ఏం పెట్టిండ్రు?"

"ఏం పెట్టలే భాయ్, జర ఆగుండ్రి! సృజనా, గసొంటి కారు ఉండనే ఉండదని చెప్పు బిడ్డా!"

సృజన నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. ఆమెకు కంఠతా వచ్చింది సైన్స్ ఫెయిర్ ప్రసంగం ఒక్కటే. దాన్ని మధ్యలోంచి మొదలుపెట్టడం రాదు. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"సభకు నమస్కారం. మన కారులో రేడియోధార్మిక పదార్థం ఉందనుకుందాం."

"యా అల్లా!" అన్నాడు జుల్ఫికర్.

"తాళంచెవి తీసేసినా దాన్ని ఆపలేం. కిరణాలు వస్తూనే ఉంటాయి. చుట్టూ సీసం గోడలు కడితే కారు లారీ కంటే బరువవుతుంది. అల్లాదుర్గ్ రోడ్డు మీద బర్రెను గుద్దినా చుట్టుపక్కల ఇళ్ళు ఖాళీ చేయాలి."

"ఇన్నరా? ఖాళీ చెయ్యాల్నట! నడువుండ్రి, నడువుండ్రి!" అని ఎల్లం గొంతు వినిపించింది.

సృజన ఎక్కడా తడబడలేదు. "కాబట్టి అలాంటి కారు ఎక్కడా లేదు, భయపడవలసింది ఏమీ లేదు," అని ముగించి కళ్ళు తెరిచింది. గేటు దగ్గర ఒక్కరూ లేరు. జుల్ఫికర్ స్కూటర్ మలుపు తిరుగుతోంది.

"అయిపోయిందా బిడ్డా?" అన్నాడు నగేష్.

"ఏమన్న ప్రశ్నలుంటే అడుగుమనేది ఒక్కటే ఉన్నది మామా."

నగేష్ లోపలికి వెళ్ళి ఆమె మొహం మీదే తలుపు వేసుకున్నాడు. ప్రశ్నలేమీ లేవు.