గండభేరుండానికి మహర్దశ

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకు చేరాలి, పన్నెండులోపు ఒక తుపాకీ సంగతి తేల్చాలి, ఒంటిగంటకు సగం రోజు సెలవు పెట్టి పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తుపాకీ అనగానే కంగారు పడనక్కర్లేదు. ఆయన పనిచేసేది వీడియో గేములు తయారుచేసే కంపెనీలో. ఎక్కడెక్కడి వాళ్లో కంప్యూటర్ల ముందు కూర్చుని ఒకరినొకరు కాల్చుకునే ఆట అది. అందులో నలభై రెండు తుపాకులున్నాయి. వాటితో ఆడి చూసి, దేనికి ఎంత బలం ఉండాలో చెప్పడం ఆయన ఉద్యోగం. పదకొండేళ్లుగా రోజుకు పాతికసార్లు చస్తూ సంసారాన్ని పోషిస్తున్నాడు.

కాఫీ గ్లాసు అందిస్తూ భార్య అడిగింది. "ఇవాళ గండభేరుండం సంగతి తేలుస్తున్నారటగా?"

కాఫీ గొంతుకు అడ్డం పడింది. "నీకెవరు చెప్పారు?"

"మా తమ్ముడు. మీరెటూ చెప్పరు కదా."

గండభేరుండం అనే రైఫిల్‌ని తయారుచేసింది ఆ తమ్ముడే. బావగారి సిఫారసుతోనే కంపెనీలో చేరాడు. అప్పటికి చేసిన రెండు తుపాకుల్నీ ఎవరూ ముట్టుకోకపోతే ఆటలోంచి తీసేశారు. ఇది మూడోది. మూడోదీ పోతే దాంతోపాటు మనిషినీ పంపించేద్దామని డైరెక్టరు తేల్చి చెప్పాడు. ఉద్యోగం పోతే బావమరిది మకాం పెట్టేది వీళ్ల ముందుగదిలోని సోఫాలోనే. ఇంతకుముందోసారి పద్నాలుగు నెలలు పెట్టాడు. ఆ సోఫాలో గుంట ఇంకా పూడలేదు.

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు" అంది ఆవిడ. "మీరు గరిటె పట్టుకున్న చోట మా తమ్ముడు పస్తుండకూడదు. అంతే."

ఆవిడ నర్సు. నొప్పి తెలియకుండా సూది వేస్తుందని ఆసుపత్రిలో పేరు. ఆ పేరు ఇంటిదాకా రాలేదు. ఆ రోజు ఆవిడకు సెలవు కూడాను.

ఆఫీసులో కూర్చుని ఆయన లెక్క తీశాడు. నిన్న ఆట ఆడిన నలభై వేల మందిలో గండభేరుండాన్ని ఎత్తుకున్న ఖాతాలు పదకొండు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. గురి కుదరడానికి మూడు సెకన్లు, తూటాలు నింపడానికి ఆరు సెకన్లు. ఈలోపు ఎదుటివాడు వచ్చి, కాల్చి, మన జేబులు వెతుక్కుని తాపీగా వెళ్లిపోవచ్చు. ఒకటి మాత్రం నిజం. తగిలితే ఒక్క దెబ్బకు మనిషి లేవడు. కానీ తగలాలి కదా!

ఆయన ఇరవై ఆటలు ఆడి పంతొమ్మిదిసార్లు చచ్చాడు. ఇరవయ్యోసారి కరెంటు పోయింది. ఒక్కడి అనుభవం సరిపోదని, పరీక్షల గదిలోని మరో ఏడుగురిని బతిమాలి వాళ్లచేతా ఆడించాడు. వాళ్లూ చచ్చారు. బావమరిది మొహం కళ్లముందు ఆడింది, సోఫా కూడా ఆడింది. అయినా పనిలో అబద్ధం రాయడం ఆయనకు చేతకాదు. "ఎవరూ వాడడం లేదు. వాడినవాడు బతకడం లేదు. తీసేయవచ్చు" అని రాసి, కళ్లు మూసుకుని డైరెక్టరుకు పంపేశాడు.

సరిగ్గా అప్పుడే హాల్లోంచి కేక వినిపించింది.

"నాలుగు వందల శాతమా!"

డైరెక్టరు గోడమీది పెద్ద తెర ముందు నిలబడి ఉన్నాడు. గండభేరుండం పక్కన ఆకుపచ్చ బాణం పైకి చూస్తోంది. నిన్న ఆ వేళకు దాన్ని వాడినవాళ్లు ఇద్దరు, ఇవాళ పదిమంది. పెరిగిన ఆ ఎనిమిదిమంది ఎవరో ఆయనకు తెలుసు.

"సార్, అది మనవాళ్లే సార్. నేను పరీక్ష కోసం..."

"మనవాళ్లయితే? మనవాళ్లు మనుషులు కారా?" అన్నాడు డైరెక్టరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మనిషి. "అందరూ ఒక్కసారి ఎందుకు ఎగబడుతున్నారు? రహస్యం ఏంటో నాకు తేలాలి. ఈ అంతస్తులో ఉన్న ప్రతివాళ్లూ ఇప్పుడే గండభేరుండం పట్టుకుని ఆటలోకి దిగండి!"

రిపోర్టు రాసిన ఆయన, లెక్కలు చూసే అమ్మాయి దగ్గరికి పరుగెత్తాడు. "ఏమ్మా, ఆఫీసు ఖాతాల్ని లెక్కలోంచి తీసేసే మీట ఉండాలిగా?"

"ఉంది సార్."

"మరి నొక్కవేం?"

"పోయినేడాది ఒకసారి నొక్కాను సార్. తెరంతా ఎర్రబడింది. డైరెక్టరుగారికి బీపీ వచ్చింది." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "అప్పట్నుంచి దానిమీద స్టిక్కరు అంటించారు."

పదకొండున్నరకల్లా అరవై ముగ్గురు ఆటలో ఉన్నారు. జీతాల విభాగం వాళ్లు, రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ, అద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చిన లీగల్ సలహాదారు, అందరూ. వీళ్లలో సగంమందికి ఏ మీట నొక్కితే నడుస్తారో తెలియదు. మైదానం మధ్యలో గుంపుగా నిలబడి ఆకాశాన్ని కాల్చారు. పగటిపూట బయటినుంచి ఆడేవాళ్లు తక్కువ. వాళ్లలో 'సూదిమందు' అనే పేరుతో ఆడే ఒక మహానుభావుడు గోడమీదెక్కి, అదే గండభేరుండంతో వీళ్లను వరసగా పడగొట్టడం మొదలుపెట్టాడు. నిలబడ్డవాణ్ణి కొట్టడానికి మూడు సెకన్ల గురి ఎక్కువేం కాదు కదా.

మూడింటికి తెరమీద బాణానికి చోటు చాలలేదు. సూదిమందు ఖాతాలో రెండు వందల పన్నెండు చావులు పడ్డాయి. అందులో తొమ్మిది డైరెక్టరువే.

"ఎటునుంచి కొట్టాడో కూడా తెలీలేదయ్యా!" అని డైరెక్టరు నుదురు తుడుచుకున్నాడు. "అమ్మో, ఇంత బలమైన తుపాకీని మనం ఇన్నాళ్లూ గమనించనే లేదు. ఆట సమతూకం ఏమైపోవాలి? వెంటనే దీని బలం సగానికి తగ్గించండి!"

"దానికి బలమే లేదు సార్, అందులో సగమా?" అన్నాడాయన. పన్ను సలుపుతోంది. డాక్టరు అపాయింట్‌మెంటు ఎప్పుడో దాటిపోయింది.

డైరెక్టరు బల్లమీదినుంచి ఒక కాగితం తీశాడు. "ఎవరూ వాడడం లేదు, తీసేయవచ్చు. ఈ రిపోర్టు నువ్వే రాశావా?"

"నేనే సార్."

"ఇవాళేనా?"

"ఇవాళే సార్. అది నిజం సార్."

"గ్రాఫు అబద్ధం, నువ్వు నిజమా?" డైరెక్టరు జాలిగా చూశాడు. "పదకొండేళ్లయింది, అలిసిపోయావు. కొన్నాళ్లు ఎవరైనా తెలివైనవాడి కింద పనిచెయ్యి."

ఆ తెలివైనవాడికి సాయంత్రం ఐదింటికి ప్రమోషన్ కాగితం ఇచ్చి చప్పట్లు కొట్టారు. ఆయనా కొట్టాడు. వాడి ఉద్యోగం నిలిచినందుకు, సోఫా దక్కినందుకు మనసులో ఓ మూల సంతోషంగానే ఉంది. కానీ పదకొండేళ్లలో రాసిన రిపోర్టులన్నిట్లోకీ నిజమైనది ఇదే. దానికే తల దించుకోవలసి రావడం మాత్రం పన్నుకంటే ఎక్కువ బాధపెట్టింది.

లిఫ్టు దగ్గర బావమరిది పక్కకు చేరాడు. "ఏమనుకోకు బావా. ఆఫీసులో మాత్రం సార్ అను. ఇంట్లో నీ ఇష్టం."

"సరే సార్. ఒక్కటి చెప్పండి సార్. నిన్న దాన్ని వాడిన ఆ పదకొండు ఖాతాలు ఎవరివిరా?"

"ఆరు నావే బావా."

"మిగతా అయిదు?"

బావమరిది లిఫ్టు మీట వైపు చూశాడు. "ఇంటికెళ్లు. నీకే తెలుస్తుంది" అని ఓ కవరు చేతిలో పెట్టాడు. గండభేరుండం బలం సగం తగ్గించమని ఆర్డరు, కింద వాడిదే కొత్త సంతకం.

ఇంటికి వెళ్లేసరికి ఏడు కావొచ్చింది. భార్య సోఫా గుంటలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆయన ల్యాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుంది. తెరమీద మూల 'సూదిమందు' అని మెరుస్తోంది.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "నువ్వా!"

"ఆఁ, నేనే. మా తమ్ముడి తుపాకీని మేమూ వాడకపోతే ఇంకెవరు వాడతారు?" తల తిప్పకుండానే అంది. "ఇవాళ ఎంత బాగా ఆడానో తెలుసా? ఎక్కడినుంచి ఊడిపడ్డారో, మొద్దులు! మందలా వచ్చి నా ముందు నిలబడ్డారు. ఒకడైతే తొమ్మిదిసార్లు ఒకే చోట చచ్చాడు. అంత తెలివితక్కువవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

"నేను చూశాను" అన్నాడాయన.

"మీరు రిపోర్టు ఏమని రాశారు?"

ఆయన జేబులో కవరును తడుముకున్నాడు. తమ్ముడి తుపాకీ జోలికి వచ్చినవాడికి ఈ ఇంట్లో భోజనం ఉండదని తెలుసు. తీసి చేతికిచ్చాడు. ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి, కింద సంతకం దాకా వచ్చి చల్లబడ్డాయి.

"వాడు చెప్పాడంటే ఏదో ఆలోచించే ఉంటాడు" అంది మెత్తగా. "మీరు అడ్డం పడకండి." మళ్లీ తెరవైపు తిరిగి నిట్టూర్చింది. "ఆరు కొట్టగానే ఆ మొద్దులంతా ఎక్కడికి పోయారో! ఇంకో రెండు మూడు గంటలు ఉంటే ఎంత బావుండు!"

అంతలో ఆయన ఫోన్ మోగింది. డైరెక్టరు దగ్గరినుంచి అందరికీ మెసేజి. సాయంత్రం ఆరు తరవాత గండభేరుండం వాడకం అంతుపట్టని విధంగా పడిపోయిందనీ, కారణం కనుక్కునేదాకా ఆఫీసు వేళలు రాత్రి తొమ్మిది వరకు పొడిగించామనీ దాని సారాంశం.